రాగి కాణీ రంగు ఎందుకు మారుతుంది? చిలుము పట్టిన పాత నాణేలను కాపాడుకునే పద్ధతి

మా నాయనమ్మ బీరువా అడుగు అరలో ఒక బిస్కెట్ల రేకు డబ్బా ఉండేది. అందులో దమ్మిడీలు, కాణీలు (పావు అణా నాణేలు), చిల్లు కాణీలు, రెండు మూడు నయా పైసలు. అన్నిటికంటే పాతవి ఈస్టిండియా కంపెనీ 1835లో కొట్టించిన రెండు కాణీలు. ఒకవైపు డాలుకు అటూ ఇటూ సింహాలు, రెండోవైపు ఆకుల దండ. రెండూ వేయించిన కాఫీ గింజ రంగులో, తాకితే నున్నగా ఉండేవి. నాకు పన్నెండేళ్ళప్పుడు వేసవి సెలవుల్లో వాటిలో ఒకదాన్ని చింతపండు, రాళ్ళ ఉప్పు వేసి తోమాను, దేవుడి చెంబు తోమినట్టే. రెండు నిమిషాల్లో గులాబీ రంగు తేలి తళతళలాడింది. పరుగున వెళ్ళి చూపిస్తే నాయనమ్మ మెచ్చుకోలేదు. "అదేమన్నా రోజూ వాడే చెంబా, ఎందుకు తోమావురా?" అంది, అంతే.

ఆ మాట అర్థం కావడానికి ఒక వానాకాలం పట్టింది. వినాయక చవితి నాటికి తోమిన కాణీ మీద గోధుమ రంగు మచ్చలు ఎక్కడపడితే అక్కడ వచ్చాయి. కుడివైపు సింహం కాలి దగ్గర ఆవగింజంత లేత ఆకుపచ్చ చుక్క లేచింది. గోటితో గీరితే పిండిలా రాలింది, కింద చిన్న గుంట కనిపించింది. తోమనిది మాత్రం ఈరోజుకీ కాఫీ గింజ రంగులోనే ఉంది. ఇది రాస్తుంటే రెండూ బల్ల మీద పక్కపక్కనే ఉన్నాయి. ఒకే ఏడాది కొట్టినవి, ఒకే డబ్బాలో పెరిగినవి, ఒకే విజయవాడ ఉక్కపోతను చూసినవి. తేడా అంతా ఆ రెండు నిమిషాల్లోనే వచ్చింది.

ఇంట్లో పాత రాగి నాణేలు ఉన్నవాళ్ళు వాటిని ముట్టుకునే ముందు ఇది ఒకసారి చదవాలని నా కోరిక.

ముందుగా: ఆ రంగు మురికి కాదు

టంకశాల నుంచి వచ్చిన రోజున రాగి నాణెం నారింజకూ గులాబీకీ మధ్య రంగులో ఉంటుంది. గాలి తగిలిన క్షణం నుంచే పైపొరలోని రాగి ఆక్సిజన్‌తో కలిసి ఎర్రటి ఆక్సైడుగా మారడం మొదలవుతుంది. ఈ పొర బాగా పలచగా ఉన్నప్పుడు వాన నీటి మీద పడిన పెట్రోలు చుక్కలా ఇంద్రధనుస్సు రంగులు కనిపిస్తాయి. పొర చిక్కబడేకొద్దీ గోధుమ, తర్వాత ముదురు గోధుమ.

అసలు విషయం ఇక్కడే ఉంది. ఆ గోధుమ పొర బయట నుంచి వచ్చి అంటుకున్నది కాదు, నాణెం తన ఒంటి మీద తనే పెంచుకున్న చర్మం. ఒకసారి గట్టిగా, సమంగా ఏర్పడిందంటే గాలినీ తేమనూ లోపలికి అంత తేలిగ్గా పోనివ్వదు. ఇనుము తుప్పుకూ దీనికీ తేడా అదే. ఇనుము తుప్పు పొరలు పొరలుగా ఊడిపోయి కింది లోహాన్ని మళ్ళీ గాలికి అప్పగిస్తుంది. రాగి పొర అంటిపెట్టుకుని ఉంటుంది. చింతపండులోని పులుపు, అంటే టార్టారిక్ ఆమ్లం, ఆ చర్మాన్ని కరిగించేస్తుంది. కరిగిపోయేది నాణెంలోని రాగే కాబట్టి అక్షరాల అంచులూ దానితో పాటే పోతాయి. కింద బయటపడిన పచ్చి లోహం మళ్ళీ మొదటి నుంచి మారాలి, ఈసారి మన వంటగది ఉప్పు కూడా తోడుగా.

పులుపుకీ రాగికీ ఉన్న వైరం మన ఇళ్ళలో కొత్తేం కాదు. కళాయి లేని ఇత్తడి గిన్నెలో మజ్జిగ గానీ పులుసు గానీ ఉంచితే కిలుమెక్కుతుందని పెద్దవాళ్ళు ఊరుకునేవారు కాదు. అందుకే వీధిలోకి కళాయి వేసేవాళ్ళు వస్తే గిన్నెలన్నీ బయటికి వచ్చేవి. కళాయి అంటే తగరం పూత. ఆ పూత పులుపుకీ లోహానికీ మధ్య అడ్డం. కిలుము, చిలుము ఒకటే. రాగి, ఆమ్లం, గాలి, తేమ కలిస్తే పుట్టే ఆకుపచ్చ లవణాలు అవి, కడుపులోకి పోతే విషం. కాబట్టి చెంబును తోమాలి, నాణేన్ని తోమకూడదు. నాయనమ్మ మాటలోని తేడా ఇదే.

మొదటి పని: చేతిలో ఉన్నది ఏ లోహమో తేల్చుకోండి

రాగి రంగులో ఉన్నవన్నీ రాగి కావు. 1835 నాటి కంపెనీ కాణీ రాగిది, సుమారు 6.5 గ్రాములు తూగుతుంది. 1906 నుంచి కాణీలు కంచుతో కొట్టారు, బరువు దాదాపు 4.9 గ్రాములకు తగ్గింది. ఆ కంచులో నూటికి 95 పాళ్ళు రాగే, మిగతాది తగరం, కొద్దిగా జింక్. 1943 నుంచి 1947 వరకు వచ్చిన చిల్లు కాణీ కంచుదే, 1957లో దశాంశ పద్ధతితో వచ్చిన నయా పైసా కూడా కంచుదే. ఇవన్నీ దాదాపు ఒకే తీరున మారతాయి, కాబట్టి కింద చెప్పేది అన్నిటికీ వర్తిస్తుంది.

మన ప్రాంతానికి సొంతమైన నాణెం ఒకటుంది. కంపెనీవాళ్ళు ఉత్తర సర్కారుల కోసం 1794, 1797లో ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ దగ్గరి సోహో టంకశాలలో యంత్రాల మీద కొట్టించి పంపారు. రూపాయికి 48 అని ఇంగ్లీషులో రాసి ఉంటుంది. గుంటూరు సీమ ఆ సర్కారుల్లో భాగమే. మీ ఇంట్లో అది ఉంటే దాన్ని ఇంకా భద్రంగా చూసుకోండి.

అయస్కాంతం దగ్గర పెట్టి చూడండి. రాగి, కంచు అంటుకోవు. కృష్ణ వంతెన కింద పిల్లలు తాడుకు అయస్కాంతం కట్టి నీళ్ళలో వేసి లాగితే వచ్చేవి ఈ కాలపు స్టీలు నాణేలే. అయస్కాంతానికి అంటుకుంటే లోపల ఇనుమో, స్టీలో, నికెలో ఉన్నట్టు.

ఇక్కడ ఒక మాట తప్పకుండా చెప్పాలి. రాముడు, హనుమంతుడు, తామరపువ్వు బొమ్మలతో 1818 అనో 1839 అనో ఉండే "కంపెనీ నాణేలు" సంతల్లో నల్లగా కనిపిస్తాయి. కంపెనీ అలాంటి నాణేలు ఎప్పుడూ కొట్టలేదు. పాతవని నమ్మించడానికి మందు పెట్టి నల్లబరుస్తారు. రైస్ పుల్లింగ్ పేరుతో రాగి బిళ్ళను లక్షలకు అంటగట్టేవాళ్ళ మాట అసలు వినకండి. బియ్యపు గింజను లాగే గుణం రాగికి లేదు, ఏ రంగులో ఉన్నా లేదు.

రెండో పని: రంగు చదవండి

తెల్ల కాగితం పరిచి, పగటి వెలుతురులో, భూతద్దంతో చూడండి. కంసాలులు వాడే పది రెట్ల అద్దం అయితే మరీ మంచిది. నాణేన్ని అంచుల మీదే పట్టుకోవాలి. వేలి చెమటలో ఉప్పు, కొవ్వు ఆమ్లాలు ఉంటాయి. మెరిసే నాణెం మీద ఈరోజు వేసిన వేలిముద్ర కొన్నాళ్ళకు గోధుమ గీతలుగా దిగబడిపోతుంది, అది ఇక పోదు. మా డబ్బాలో ఒక చిల్లు కాణీ ఉంది. మా నాన్న చిన్నప్పుడు మొలతాడుకు కట్టినదట. చర్మానికి ఆనిన వైపు అరిగి ముదురుగా, రెండోవైపు లేతగా ఉంటుంది.

సమంగా ఉన్న గోధుమ రంగు ఆరోగ్యానికి గుర్తు. దాన్ని వదిలేయండి.

నలుపు చాలావరకు గంధకం పని. మురుగు కాలువ నుంచి వచ్చే కుళ్ళిన గుడ్డు వాసన గల వాయువు రాగిని నల్లబరుస్తుంది. రబ్బరు బ్యాండులోనూ గంధకం ఉంటుంది. నాణేల కట్టకు రబ్బరు బ్యాండు వేసి ఏళ్ళ తరబడి ఉంచితే సరిగ్గా అది ఆనిన చోట నల్లగీత పడుతుంది. ఉన్ని బట్టలు, నాసిరకం అట్టపెట్టెలు కూడా ఇదే చేస్తాయి. నలుపు చూడ్డానికి బాగుండదేమో గానీ ప్రాణాంతకం కాదు.

గట్టిగా, నున్నగా, ముదురు ఆకుపచ్చగా ఉన్న పొర ఎక్కువగా మట్టిలో ఉండి వచ్చిన నాణేల మీద కనిపిస్తుంది. నేలలోని తేమ, బొగ్గుపులుసు వాయువు రాగితో కలిసి ఏర్పడిన కార్బొనేటు అది. అదే జాతిలో ఒకోసారి నీలం కూడా కనిపిస్తుంది. గోటికి ఊడకుండా ఉంటే అది కూడా కాపాడే పొరే. ఊరి బయట విగ్రహాల మీద పచ్చదనాన్ని ఎవరూ గీకనట్టే దీన్నీ గీకకూడదు.

జిగటగా, చేతికి అంటుకునే ఆకుపచ్చ అయితే ఆల్బమ్ తప్పు. మెత్తని పీవీసీ ప్లాస్టిక్ కవర్లు వేడికి మెల్లగా చెడిపోయి, వాటిలోని మెత్తదనాన్ని ఇచ్చే నూనె, ఆమ్లం బయటికి వస్తాయి. మే నెలలో 45 డిగ్రీలు చూసే మన ఊళ్ళలో ఇది తొందరగా జరుగుతుంది. కొత్త కవరు తెరిస్తే ఘాటైన ప్లాస్టిక్ వాసన వచ్చిందంటే అందులో నాణెం పెట్టకండి.

ఇక చివరిది లేత ఆకుపచ్చ పొడి. సున్నంలో కొద్దిగా పచ్చరంగు కలిపినట్టు, చుక్కలు చుక్కలుగా, తాకితే రాలుతుంది. దీన్ని కంచు జబ్బు అంటారు. దీని గురించి నిదానంగా చెప్పాలి.

కంచు జబ్బు: ఉప్పు ఆడే ఆట

ఉప్పులోని క్లోరైడు ఏదో ఒక దారిన నాణెంలోకి చేరుతుంది. సముద్రపు గాలి, చెమట, మట్టి, తోమిన ఉప్పు, ఏదైనా కావచ్చు. బందరు తీరం విజయవాడకు 70 కిలోమీటర్లే. గుంటూరు వైపు నల్లరేగడి నేలలు నీటిని చాలాకాలం పట్టి ఉంచుతాయి. పొలంలో వేసే పొటాష్ ఎరువు మామూలుగా పొటాషియం క్లోరైడే. అందుకే దున్నిన చేలో దొరికిన నాణెం ఇంట్లో దాచిన దానికంటే ఎక్కువ దెబ్బతిని ఉంటుంది.

లోపలికి చేరిన క్లోరైడు రాగితో కలిసి బూడిదరంగు మైనంలాంటి పదార్థంగా పొర అడుగున దాక్కుంటుంది. పొడిగా ఉన్నంతకాలం కదలదు. తేమ, గాలి అందగానే అది లేత ఆకుపచ్చ పొడిగా మారుతుంది, మారుతూ హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని వదులుతుంది. ఆ ఆమ్లం పక్కనున్న మంచి రాగిని తిని, మళ్ళీ అదే మైనంలాంటి పదార్థాన్ని తయారుచేస్తుంది. మళ్ళీ తేమ, మళ్ళీ పొడి, మళ్ళీ ఆమ్లం. ఉప్పు ఖర్చు కాదు, రాగే ఖర్చవుతుంది. చిన్న చుక్క గుంటగా, గుంట చిల్లుగా మారేది ఇలాగే. తోమిన నా కాణీ మీద ఆ ఆవగింజ చుక్క పుట్టింది కూడా నేను వేసిన రాళ్ళ ఉప్పు నుంచే.

ఉప్పు ఎంత చేస్తుందో, ఉప్పు తగలకపోతే రాగి ఎంత నిలుస్తుందో ఒకే సంఘటనలో చూడొచ్చు. 1809 జనవరిలో మద్రాసు ప్రెసిడెన్సీ కోసం రాగి కాసులు మోసుకొస్తున్న అడ్మిరల్ గార్డ్‌నర్ అనే కంపెనీ ఓడ ఇంగ్లండు తీరం దగ్గర గుడ్‌విన్ ఇసుకమేటల మీద మునిగిపోయింది. 1980ల్లో గజ ఈతగాళ్ళు వాటిని పైకి తీశారు. గుట్టగా కరుచుకుపోయిన వాటిలో బయటివి సముద్రానికి బలైతే, లోపలివి చాలా వరకు అక్షరాలు చెదరకుండా దొరికాయి.

జబ్బు ఉందో లేదో అనుమానంగా ఉంటే ఇలా చూడండి. టూత్‌పిక్ మొనతో చుక్కను మెల్లగా కదిపి, పొడిని తెల్ల కాగితం మీదికి తీసేయండి. ఆ చోటును ఫోనులో దగ్గరగా ఫొటో తీసుకోండి. వారం తర్వాత మళ్ళీ తీయండి. కొత్తగా పొడి వచ్చి ఉంటే జబ్బు నడుస్తోంది. రాకపోతే అది ఆగిపోయిన పాత మచ్చే.

జబ్బు ఉన్నదాన్ని ఆ రోజే మిగతా వాటి నుంచి వేరు చేయండి. క్రిముల్లా గాల్లో ఎగిరి అంటుకోకపోయినా, రాలిన పొడిలో క్లోరైడు ఉంటుంది, పక్క నాణేలకు అది మంచిది కాదు.

మూడో పని: కడగడం, అదీ అవసరమైతేనే

గోధుమ రంగులో బాగున్న నాణేన్ని కడగవద్దు. పాతర మట్టి, జిగట, జబ్బు, వరద నీరు, ఈ నాలుగింటికే కడగడం.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో మా పిన్ని వాళ్ళింట్లో నాణేల ఆల్బమ్ రోజుల తరబడి బురద నీళ్ళలో నానింది. పిన్ని నాకు ఫోన్ చేసి మొదట అడిగింది, "నిమ్మకాయ పెట్టి తోమనా?" అని. వద్దు పిన్నీ, అలాగే ఉంచు, వస్తున్నా అన్నాను. ఆ రోజు చేసినదే ఇక్కడ రాస్తున్నాను.

కవర్లను లాగకుండా కత్తెరతో కోసి నాణేలు బయటికి తీశాం. స్టీలు పళ్ళెం కాకుండా గాజు గిన్నె తీసుకున్నాం, ఎందుకంటే వేర్వేరు లోహాలు నీళ్ళలో ఆనుకుంటే వాటి మధ్య సన్నటి కరెంటు పుట్టి ఒకటి తొందరగా పాడవుతుంది. డిస్టిల్డ్ వాటర్ బ్యాటరీ షాపులో దొరికింది. కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది, బోరు నీళ్ళలో లవణాలు. రెండూ వద్దు. నాణేలను ఒకదాని మీద ఒకటి పడకుండా పరిచి, నీళ్ళు పోసి, గంటసేపు ఉంచి పారబోసి, మళ్ళీ పోశాం. నీళ్ళు తేటపడే వరకు అలాగే చేశాం. అక్షరాల సందుల్లో ఇరుక్కున్న బురదను నానిన టూత్‌పిక్‌తో మాత్రమే తీశాం. బ్రష్షు, స్టీలు పీచు, టూత్‌పేస్టు, పీతాంబరి, ఇంకే పౌడరూ నాణెం దగ్గరికి రాకూడదు. అవి గీతలు వేస్తాయి. భూతద్దం కింద ఆ గీతలు చూశాక మనసు ఎంత పాడవుతుందో నాకు తెలుసు.

పీవీసీ జిగటకు నీళ్ళు పనిచేయవు, అసిటోన్ కావాలి. గోళ్ళ రంగు తుడిచే సీసాల్లో నూనె, సువాసన కలుపుతారు కాబట్టి అది వద్దు, ల్యాబ్ సామాన్ల దుకాణంలో స్వచ్ఛమైనది అడగండి. మూత ఉన్న గాజు సీసాలో నాణేన్ని పావుగంట ముంచి తీసి, ఇంకో శుభ్రమైన అసిటోన్‌లో ఒకసారి ముంచితే చాలు. ఇది పెట్రోలులా భగ్గుమంటుంది. వంటగదిలో చేయవద్దు, దీపం, అగరబత్తి దగ్గర అసలు వద్దు. కిటికీలు తీసి ఉంచండి.

కంచు జబ్బు ఉన్నదానికి కడగడం సరిపోదు. పొడి మొత్తం తీసి, డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, మొదటి వారం రోజూ, తర్వాత వారానికోసారి నీళ్ళు మారుస్తూ కొన్ని వారాలు ఉంచితే క్లోరైడు కొంత బయటికి వస్తుంది. పొర రంగు కొద్దిగా మారవచ్చు, దానికి సిద్ధపడాలి. మ్యూజియంలలో బెంజోట్రయజోల్ అనే మందు వాడతారు. అది ఒంటికి మంచిది కాదు, ఇంట్లో ప్రయత్నించవద్దు. శాతవాహనుల కాలం నాటిదో, సర్కారుల నాటిదో అయితే మీరు ఏమీ చేయకుండా, పొడిగా ఒక డబ్బాలో పెట్టి తెలిసినవాళ్ళకు చూపించండి. విజయవాడ బందరు రోడ్డులో బాపు మ్యూజియం ఉంది, గుంటూరులో బౌద్ధశ్రీ మ్యూజియం ఉంది. అక్కడి పాత నాణేల మీద పొర ఎలా ఉందో ఒకసారి చూసి రావడమే పెద్ద చదువు. నేల తవ్వుతుండగా పాత నాణేలు దొరికితే మాత్రం 1878 నాటి నిధుల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి.

నాలుగో పని: ఆరబెట్టడం

తుడిచి వదిలేస్తే చాలదు, అక్షరాల సందుల్లో తేమ మిగులుతుంది. మెత్తటి నూలుగుడ్డతో అద్ది, రుద్దకుండా, అసిటోన్‌లో ఒకసారి ముంచి తీస్తే నీరు దానితో పాటు పోతుంది. అసిటోన్ పూర్తిగా ఆవిరైపోయాకే హెయిర్ డ్రయ్యర్ గోరువెచ్చని గాలి చూపించండి. ఎండలో పెట్టడం నాకు నచ్చదు. దుమ్ము, చెమట చేతులు, కాకులు, అన్నీ అక్కడే.

ఆరాక మైక్రోక్రిస్టలైన్ మైనం అతి పలచగా రాసి మెత్తని గుడ్డతో అద్దితే తేమకు ఇంకో అడ్డం. కొబ్బరినూనె, ఆలివ్ నూనె రాయమని చెప్పేవాళ్ళ మాట వినవద్దు. నూనె మెల్లగా ఆమ్లంగా మారి, అదే చిలుము పుట్టిస్తుంది.

ఐదో పని: దాచడం

మన దగ్గర అసలు యుద్ధం ఇక్కడే. గాలిలో తేమ 40 శాతం లోపు ఉంటే కంచు జబ్బు దాదాపు నిద్రపోతుంది. వానాకాలం విజయవాడలో తేమ 80 దాటే రోజులు ఎన్నో. కాబట్టి బీరువాను నమ్ముకోలేం, గాలి చొరని చిన్న డబ్బా కావాలి. రబ్బరు బిగింపు ఉన్న వంటింటి డబ్బా కంటే గట్టిగా పట్టే పాలిప్రొపిలీన్ ప్లాస్టిక్ డబ్బా మేలు. ఒక్కో నాణేన్ని మైలార్ (పాలియెస్టర్ ప్లాస్టిక్) కవరులో గానీ ఆమ్లం లేని కాగితపు కవరులో గానీ పెట్టి, డబ్బాలో సిలికా జెల్ సంచి వేయండి. నారింజ రంగు గింజలు తేమ పీల్చుకుని ఆకుపచ్చగా మారితే ఓవెన్‌లో 110 నుంచి 120 డిగ్రీల వద్ద రెండు మూడు గంటలు వేడిచేస్తే మళ్ళీ పనికొస్తాయి. గింజలు నాణేలకు నేరుగా తగలకూడదు. రెండు మూడు వందలకు దొరికే చిన్న తేమ మీటరు లోపల పెడితే ఊహలతో పని ఉండదు.

ప్లైవుడ్ అల్మరా, కొత్త వార్నిష్ వాసన, నాఫ్తలీన్ ఉండలు, కర్పూరం, వీటికి దూరం. దేవుడి గదిలో కుంకుమ భరిణెలో పెట్టే అలవాటు చాలా ఇళ్ళలో ఉంది. ఆ భక్తి అర్థమవుతుంది, కానీ పసుపు కుంకుమలు తేమను పట్టి ఉంచుతాయి, అభిషేకం నీళ్ళు తగులుతాయి. పూజ రోజున తీసి పెట్టి, తర్వాత పొడిగా లోపల పెట్టేయండి.

డబ్బాను ఏడాదికి రెండుసార్లు తెరుస్తాను, మృగశిర కార్తె రాకముందు ఒకసారి, దసరా వెళ్ళాక ఒకసారి. ఫొటోలు తీసి పాతవాటితో పోల్చుతాను. ప్రతి నాణెం కవరులో ఒక చీటీ ఉంటుంది. 1835 కాణీల్లో ఒకదాని చీటీ మీద "తోమలేదు" అని ఒక్క మాటే ఉంది. రెండోదాని మీద ఇలా ఉంది: "చింతపండు, ఉప్పుతో తోమినది. కుడి సింహం కాలి దగ్గర చుక్క. పొడి తీసి, ఆరు వారాలు నానబెట్టి, మైనం రాసినది. ఆ తర్వాత పెరగలేదు."